ఇనుము నతుకు విద్య

గత సంవత్సరము మేము పనిశాలలో నొక బల్లకు ఇనుప కాళ్లను వెల్డింగు చేసితిమి. అతుకులు నున్నగా నుండుటచే మిగుల సంతసించితిమి. వారము తిరుగకమునుపే యొక కాలు ఊడి, దానిపై గూర్చున్న మిత్రుని మోకాలికి గాయమయ్యెను. పరిశీలింపగా, కరగిన లోహము పైపైన పేరుకొనెనే కాని లోపలి యినుముతో గలియలేదని తెలిసెను. అందువలన నేర్చిన పాఠమును తోటి విద్యార్థులకు దెలుపుచున్నాము.

మొదట కన్నులను గాపాడుకొనవలెను. విద్యుజ్జ్వాలనుండి వెలువడు అతినీలలోహిత కిరణములు కంటికి హాని చేయును. ఆ బాధ వెంటనే తెలియదు. కొన్ని గంటలకు కంటిలో ఇసుక పడినట్లు మంట పుట్టును. కావున 10 లేక 11వ నంబరు నల్లద్దముగల ముసుగు లేనిదే పని మొదలిడరాదు. నూలుబట్టలు, తోలు చేతితొడుగులు ధరింపవలెను. తడినేలపై నిలువరాదు. నూనె యుండిన పీపాను ఖాళీదైనను అతుకబూనరాదు, అది ప్రేలవచ్చును.

పిదప అంచులనుండి త్రుప్పు, రంగు, నూనె పూర్తిగా దొలగింపవలెను. ఎర్తు క్లాంపును శుభ్రమైన యినుమునకే తగిలింపవలెను. 3.15 మిల్లీమీటర్ల రాడ్డునకు సాధారణముగా 90 మొదలు 130 ఆంపియర్ల విద్యుత్తు చాలును. విద్యుత్తు తక్కువైనచో రాడ్డు అంటుకొనును, అతుకు లోపలికి దిగదు. ఎక్కువైనచో పలుచని రేకు చిల్లుపడును. రాడ్డు అంటుకొన్నచో వెఱవక, మెలిపెట్టి లాగవలెను.

రాడ్డు కొనకును ఇనుమునకును నడుమ రాడ్డు మందమంత యెడమే యుండవలెను. రాడ్డు పైభాగమును సాగెడి దిక్కునకు గొంచెము వంచి, వెలుగును గాక కరగిన లోహపు మడుగునే చూచుచు, ఒకే వేగముతో నడుపవలెను. నూనెలో పోపు వేగునట్టి యెడతెగని చప్పుడు వినబడినచో పని సరిగా సాగుచున్నదని గ్రహింపవచ్చును.

చల్లారిన పిదప కంటద్దములు ధరించియే స్లాగును సుత్తితో రాల్చి, తీగ బ్రష్షుతో తోమవలెను.

తుదకు ముఖ్యమగు మాట. ప్రతి నూతనాభ్యాసియు పనికిరాని రెండు ముక్కల నొకవైపున మాత్రమే అతికి, వైసులో బిగించి, సుత్తితో మోది విఱుగగొట్టి లోపల జూడవలెను. మేమట్లు చేసియున్నచో మా మిత్రునకు గాయము గాకపోయెడిది. నునుపును జూచి యతుకును నమ్మరాదు, పరీక్షించియే నమ్మవలెను.