ఖడ్గమృగం మొదలు కలివికోడి దాకా: వన్యప్రాణి ఛాయాచిత్రణం

1515వ సంవత్సరంలో గుజరాత్ సుల్తాను రెండవ ముజఫర్ షా కానుకగా ఇచ్చిన ఖడ్గమృగమొకటి గోవా మీదుగా ఓడలో ప్రయాణించి లిస్బన్ రేవు చేరింది. జర్మనీ దేశపు చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఆ జంతువును కంటితో చూడలేదు. ఎవరో రాసి పంపిన వర్ణనను, ఒక గీతను ఆధారం చేసుకుని చెక్క అచ్చు మీద బొమ్మ చెక్కాడు. యుద్ధకవచం తొడిగినట్టు పలకల చర్మం, మెడ వెనుక మరొక చిన్న కొమ్ము అందులో ఉన్నాయి. ఆ రెండవ కొమ్ము ఏ భారతీయ ఖడ్గమృగానికీ లేదు. అయినా యూరప్ ఖండం రెండు శతాబ్దాలకు పైగా ఆ బొమ్మనే ప్రమాణంగా నమ్మింది. చూడనిదానిని చూసినట్టు చిత్రిస్తే అబద్ధానికి ఎంత ఆయుష్షు లభిస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో ఇందుకు భిన్నమైన సంప్రదాయం ఉండేది. ఉర్దూలో గైండా అని పిలిచే ఈ జంతువును బాబరు స్వయంగా చూసి, పెషావరు ప్రాంతపు అడవులలోనూ సరయూ నది ఒడ్డునా ఇవి ఉన్నట్టు తన ఆత్మకథలో నమోదు చేశాడు. నేడు ఆ చోట్ల ఒక్కటీ లేదు. ఆయన వంశీయుడు జహంగీరు ఎదుటకు 1621లో ఆఫ్రికా జీబ్రాను తెచ్చినప్పుడు ఆ చారలు ఎవరో రంగు వేసినవేమోనన్న అనుమానం కలిగింది. బాగా పరిశీలించి, సహజమైనవేనని తేల్చుకున్న పిమ్మటనే ఆ విషయం గ్రంథస్థమైంది. ఉస్తాద్ మన్సూర్ దానిని చిత్రించాడు. కెమేరా పుట్టకముందే ఛాయాచిత్రకారునికి ఉండవలసిన బుద్ధి ఇది.

ఖడ్గమృగానికీ మన తెలుగు నేలకూ సంబంధమేమిటని విద్యార్థులు అడగవచ్చు. పూర్వపు కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల సమీపాన ఉన్న బిల్లసర్గం గుహలలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884 ప్రాంతంలో తవ్వకాలు జరిపించగా ఖడ్గమృగపు శిలాజాలు లభించాయి. 1886లో లిడెక్కర్ వాటికి కర్నూలు పేరు మీదుగానే శాస్త్రనామం పెట్టాడు. అనగా ఒకనాడు మన రాయలసీమలోనూ ఈ జంతువు తిరుగాడింది. మనకు మిగిలినది ఎముక మాత్రమే.

ప్రాణంతో చూడదలచినవారు అస్సాంలోని కాజీరంగకు పోవాలి. ఇరవయ్యో శతాబ్ది ఆరంభాన అక్కడ వేళ్ల మీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలాయి. 2022 గణనలో 2,613 తేలాయి. అస్సాం తేయాకు తోటల్లో ఉద్యోగం చేసిన ఇ.పి. జీ వంటివారు ఏనుగు వీపు మీద నుంచి వాటిని ఫోటోలు తీసి లోకానికి చూపారు. ఏనుగును ఎక్కడం విలాసం కాదు. మనిషి ఎత్తు మించిన రెల్లుగడ్డిలో నేల మీద నిలిచినవానికి ఏమీ కనబడదు. ఖడ్గమృగానికి చూపు మందం, ఘ్రాణశక్తీ వినికిడీ తీక్ష్ణం. కావున గాలి ఎటు వీస్తున్నదో చూసుకోక దగ్గరకు పోయినవానికి కెమేరాయే కాదు, ప్రాణమూ దక్కదు. ప్రతి ఖడ్గమృగాన్నీ కొమ్ము ఆకారం, చెవి చిరుగులు, చర్మపు ముడతలు బట్టి విడివిడిగా గుర్తించవచ్చు. స్పష్టమైన ఫోటో ఒకటి ఉంటే, ఫలానా జంతువు ఇంకా బతికి ఉందా అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

అదే ఫోటో మృత్యువునూ తేగలదు. ఈనాటి సెల్‌ఫోన్లు తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలను చిత్రంలోనే దాచి ఉంచుతాయి. కొమ్ము కోసం కాచుకున్న వేటగానికి అంతకంటె ఏం కావాలి? మన గోళ్లు, వెంట్రుకలు ఏ కెరాటిన్ పదార్థంతో తయారైనవో ఆ కొమ్మూ దానితోనే తయారైంది. దానికోసం ఒక ప్రాణి!

మనిషి దగ్గర లేకుండా ఫోటో తీయడం మరొక పద్ధతి. ఉత్తర భారతంలో అటవీ అధికారిగా పనిచేసిన ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ 1920 దశకంలోనే దారికి అడ్డంగా సన్నని తీగ కట్టి, దానిని తాకిన పులి తన ఫోటో తానే తీసుకునేట్టు చేశాడు. ఇప్పుడు తీగకు బదులు, దేహపు వేడినీ కదలికనూ పసిగట్టే పరికరం ఉన్నది.

మన రాష్ట్రంలో ఈ పద్ధతికి ఉత్తమ ఉదాహరణ కలివికోడి. జెర్డాన్ దొర 1848లో శాస్త్రలోకానికి తెలిపిన ఈ పక్షి 1900 తరువాత కనబడక, అంతరించినదనే అనిపించుకున్నది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దాపున బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయంతో దానిని మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. దొరలు ఎనభై ఆరేండ్లు వెదకలేకపోయినది ఊరివారికి తెలుసునన్నమాట. ఇది రాత్రించరం, ముళ్లపొదల మధ్య నివాసం, మహా బిడియం. అందువల్ల తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరచి, తెల్లవారి అడుగుజాడలు చూశారు. జాడ కనబడిన చోట స్వయంచాలిత కెమేరాలు అమర్చారు. ఈ సాక్ష్యాలు అలంకారానికి కాదు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు దాని నివాసంలోకి చొచ్చుకు వచ్చినప్పుడు కాలువ దారి మార్పించడానికి ఇటువంటి ఆధారాలే అక్కరకు వచ్చాయి.

ఇక మన ఇంటి ముంగిట. మదనపల్లె దగ్గరి హార్స్లీ కొండకు పూర్వనామం ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు తరలిపోయినా పేరు నిలిచింది. 1980 దశకంలో హోసూరు, బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు అడవులకు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. చుట్టూ చెరకు, అరటి, వరి పొలాలు. రాత్రంతా కాపు కాసి తెల్లవారేసరికి పంట పోగొట్టుకున్న రైతుకు ఏనుగు అందంగా కనబడదు. ఆ మాట మరచి ఫోటోలను గూర్చి మాట్లాడడం న్యాయం కాదు.

ఏనుగు ఏ చెరువులోనో పగటిపూట చిక్కుకున్నదని తెలియగానే వందలమంది సెల్‌ఫోన్లతో గుమిగూడడం నేడు పరిపాటి. అడవికి మళ్లే దారిని జనమే మూసివేస్తారు. బెదిరిన ఏనుగు జనం మీదికి వస్తుంది. మరునాడు పత్రికలో మనిషి చావు వార్త, ఏనుగుకు దుష్టురాలన్న బిరుదు. ఆ గుంపులో మన కళాశాల విద్యార్థి ఉండకూడదని నా అభిప్రాయం.

మరి ఏమి తీయాలి? ఏనుగు వెళ్లిపోయిన పిదప నేల మీద మిగిలినదానిని తీయండి. పంటనష్టం, విరిగిన కంచె, కిందికి వేలాడే విద్యుత్తు తీగ, అడుగుజాడ. పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టక తీసిన ఫోటో సగం ఫోటోయే. పుంగనూరు ఆవు పక్కన మనిషి నిలబడనిదే అది మీటరు ఎత్తయినా లేదని ఎవరికి తోస్తుంది? ముంగాలి జాడ చుట్టుకొలతను టేపుతో కొలిచి, దానిని రెండింతలు చేస్తే ఏనుగు భుజం ఎత్తు ఇంచుమించుగా వస్తుంది. చుట్టుకొలత 120 సెంటీమీటర్లయితే ఎత్తు సుమారు 240. వేర్వేరు జాడలను ఈ విధంగా కొలిస్తే గుంపులో పిల్లలున్నదీ లేనిదీ కూడా తెలుస్తుంది. ఫోటో వెనుక తేదీ, వేళ, గ్రామం, కొలత రాసి అటవీశాఖ వారికి అందజేయండి. జాడ ఎటువైపు తిరిగి ఉన్నదో కూడా రాయండి. రాత్రి పొలానికి నీళ్లు కట్టబోయే రైతుకు ముందుగా తెలియవలసినది అదే.