చెల్లె ఇల్లు చేరింది



మన వాడల్లో దూరదేశం పోయినవాళ్లు లేని వీధి లేదు. ఒకరి కొడుకు దుబాయిలో ఉంటాడు. ఒకరి మరిది సౌదీలో ఉంటాడు. ఒకరి చెల్లె కువైట్‌లో ఇంటి పని చేస్తుంది. వాళ్లు పంపే డబ్బుతో ఇక్కడ అప్పులు తీరుతాయి. పిల్లలు చదువుతారు. కానీ ఆపద వచ్చినప్పుడు ఏం చేయాలి? 2020లో అలాంటి ఆపదే వచ్చింది. ఆ రోజుల్లో ఒక అక్క, ఆమె చెల్లె ఏం చేశారో ఈ కథలో చదవండి.

గుడి మూసిన రోజులు

దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర ఒక అక్క పూలు అమ్ముతుంది. తెల్లవారక ముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతుంది. బంతి, చామంతి, మల్లె తెస్తుంది. దండలు కట్టి మూరల లెక్కన అమ్ముతుంది. పెద్దయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. బస్సు బోర్డు చదువుతుంది. పేపరు కూడబలుక్కుని చదువుతుంది.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ పెట్టారు. ఆ రోజు నుంచే మెట్రో రైలు ఆగింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. గుళ్లు మూతబడ్డాయి. పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఎప్పుడూ కిటకిటలాడే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మనిషి లేడు. పూలు ఎవరు కొంటారు?

తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం మూడు నెలలు, నెలకు 500 రూపాయల చొప్పున వేసింది. వాటితో అక్క ఇల్లు నడిపింది. పొదుపు సంఘంలో తోటి ఆడవాళ్లతో కలిసి గుడ్డ మాస్కులు కుట్టింది.

కువైట్ నుంచి ఫోను

అక్క చెల్లె నాలుగేళ్లుగా కువైట్‌లో ఉంది. ఒక ఇంట్లో వంట, పిల్లల పని చేస్తుంది. నెలకు 90 దినార్లు జీతం. అప్పుడు ఒక దినార్ అంటే మన డబ్బులో దాదాపు 245 రూపాయలు.

మే నెలలో ఒక రాత్రి చెల్లె ఫోను చేసింది.

"అక్కా, మా యజమానికి వ్యాపారం దెబ్బతిన్నది. నన్ను ఇంటికి పొమ్మన్నరు. జూలైలో నా అకామా అయిపోతది. అమ్మ ఎట్లున్నది?"

అక్క గొంతు పూడుకుపోయింది. తల్లి చౌటుప్పల్ దగ్గర ఊళ్లో ఉంది. గుండె జబ్బుతో మంచం పట్టింది. ఎల్‌బీ నగర్ నుంచి చౌటుప్పల్ దాదాపు 40 కిలోమీటర్లే. కానీ లాక్‌డౌన్‌లో బస్సులు లేవు. అక్క కూడా రెండు నెలలుగా తల్లిని చూడలేదు.

"నిన్నే కలవరిస్తున్నది చెల్లె. ఎట్లన్న చేసి రా" అంది.

"ఎట్ల రావాలె అక్కా? విమానాలే లేవు."

నిజమే. 2020 మార్చి 23 నుంచి మన దేశానికి మామూలుగా వచ్చే విదేశీ విమానాలన్నీ ఆగిపోయాయి. అందుకని మే 7 నుంచి ప్రభుత్వం ప్రత్యేక విమానాలు నడిపింది. దానికి 'వందే భారత్ మిషన్' అని పేరు. మే 9న కువైట్ నుంచి మొదటి విమానం హైదరాబాద్ వచ్చింది. అందులో 163 మంది దిగారు.

పదిహేను వేల మాట

నాలుగు రోజులకు చెల్లె మళ్లీ ఫోను చేసింది. గొంతులో సంతోషం ఉంది.

"అక్కా, ఒకాయన సీటు ఇప్పిస్తనన్నడు. పేరు రాసుడుకు పదిహేను వేలు అడిగిండు. టికెట్ డబ్బులు వేరే. నీకు కాగితం పంపిస్తడట. రేపటి లోపల కట్టాలె."

కాసేపటికి అక్క ఫోనుకు కాగితం వచ్చింది. తెలుగులోనే ఉంది. అక్క దీపం దగ్గరకు పోయి ఒక్కో మాటా చదివింది. "ఈ రోజే కట్టండి. లేకపోతే సీటు పోతుంది" అని ఉంది. కింద బ్యాంకు ఖాతా నంబరు ఉంది. ఖాతా ఎవరి పేరు మీద ఉంది? ఎవరో ఒక మనిషి పేరు మీద ఉంది.

అక్క ఆగింది. "ప్రభుత్వం నడిపే విమానానికి ఈయన ఖాతాలో డబ్బు ఎందుకు కట్టాలె?" అనుకుంది.

పొద్దున్నే పొదుపు సంఘం లీడరు ఇంటికి పోయింది. ఇద్దరూ పాత పేపర్లు తీశారు. వందే భారత్ వార్త వెతికారు. అందులో ఇలా ఉంది: రావాలనుకునేవాళ్లు ఆ దేశంలోని మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. ఉద్యోగం పోయినవాళ్లు, వీసా గడువు అయిపోతున్నవాళ్లు, గర్భిణులు, ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, ఇంట్లో చావు జరిగినవాళ్లు ముందు. టికెట్ డబ్బు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి.

అక్క చెల్లెకు ఫోను చేసింది.

"పైసా కట్టకు. నువ్వు ఎంబసీల పేరు రాయించుకో. నీ పని పోయింది. అకామా అయిపోతున్నది. రెండు కారణాలూ రాయించు."

"ఆయనకు కోపమొస్తదేమో అక్కా. సీటు పోతే?"

"సీటు ఆయన చేతుల లేదు చెల్లె. ఉంటే ఎంబసీ పేరు మీదనే కాగితం వచ్చేది."

చెల్లె తోటి పనిమనిషి సాయంతో ఫారం నింపింది. ఫారంలో పాస్‌పోర్టు నంబరు అడిగారు. పాస్‌పోర్టు యజమానురాలి దగ్గర ఉంది. చెల్లె ధైర్యం చేసి అడిగింది. ఆమె బీరువాలోంచి తీసి ఇచ్చింది. ఇంటి పనివాళ్ల కోసం కువైట్‌లో 2015లో చేసిన చట్టం ఉంది. పనిమనిషి ఒప్పుకోకుండా యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని ఆ చట్టం చెబుతుంది.

మూడు వారాలు గడిచాయి. చెల్లెకు పిలుపు వచ్చింది. పదిహేను వేలు మిగిలాయి. సీటూ దొరికింది.

పద్నాలుగు రోజులు

జూన్ రెండో వారంలో చెల్లె శంషాబాద్ విమానాశ్రయంలో దిగింది. ముఖానికి మాస్కు. జ్వరం ఉందేమో చూశారు. ఇంటికి పంపలేదు. మొదటి ఏడు రోజులు ప్రభుత్వం చూపిన చోట ఉండాలి. తర్వాత ఏడు రోజులు ఇంట్లో వేరుగా ఉండాలి. అప్పటి నియమం అది.

ఎందుకు పద్నాలుగు రోజులు? కరోనా పురుగు ఒంట్లో చేరిన వెంటనే జ్వరం రాదు. కొందరికి రెండు మూడు రోజుల్లో వస్తుంది. కొందరికి వారం దాటుతుంది. అప్పుడు తెలిసిన లెక్క ప్రకారం పద్నాలుగు రోజుల లోపల బయటపడుతుంది. ఈ లోపల మనిషి బాగానే కనబడుతుంది. కానీ ఎదుటివారికి అంటించవచ్చు.

ఏడో రోజున అక్క ఇంట్లో కష్టం వచ్చి పడింది. అక్కది సరూర్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. ఇంటి యజమాని "విదేశం నుంచి వచ్చినామెను ఇక్కడ పెట్టొద్దు" అన్నాడు. పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్నారు.

వాళ్ల భయం వాళ్లది. మే నెలలో దగ్గర్లోని వనస్థలిపురంలో కొన్ని కాలనీలకు అడ్డుకట్టలు వేశారు. రాకపోకలు ఆపారు. అందరూ అది చూశారు.

అక్క కొట్లాడలేదు. సంఘం లీడరును తీసుకుని యజమాని దగ్గరకు పోయింది. నియమాలు ఉన్న కాగితం చదివి వినిపించింది.

"అన్నా, చెల్లె లోపలి గదిలోనే ఉంటది. పిల్లలను మా వదినె ఇంటికి పంపుతున్న. నేను వరండాల పండుకుంట. ఆమె గిన్నెలు, బట్టలు వేరు. స్నానాల గది రోజూ బ్లీచింగ్ పౌడరుతోని కడుగుత. జ్వరమొస్తే 104కు ఫోను చేస్త. ఇది మా చెల్లె ఇల్లు కూడా కదన్నా? ఎక్కడికి పోవాలె?"

యజమాని చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "ఏడు రోజులే కదమ్మా" అన్నాడు.

అక్క గుమ్మం దగ్గర అన్నం గిన్నె పెట్టేది. దూరం జరిగేది. చెల్లె వచ్చి తీసుకునేది. నాలుగేళ్ల తర్వాత కలిశారు. అయినా ఒకరినొకరు పట్టుకోలేదు. గుమ్మానికి అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చుని మాట్లాడుకున్నారు.

పన్నెండో రోజున ఊరి నుంచి ఫోను వచ్చింది. తల్లికి ఆయాసం పెరిగింది.

చెల్లె ఏడ్చింది. "రెండు రోజులే కదక్కా తక్కువ. పోతనే" అంది.

అక్కకూ ఏడుపు వచ్చింది. కానీ ఇలా అంది: "అమ్మకు గుండె జబ్బు. ఆమెకు కరోనా అంటితే తట్టుకోదు. ఇంత దూరమొచ్చి నువ్వే రోగం ఇస్తవా?"

చెల్లె ఆగింది. ఆ రెండు రోజులు ఇద్దరికీ అన్నం సయించలేదు.

పద్నాలుగు రోజులు నిండాయి. జ్వరం లేదు, దగ్గు లేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఎల్‌బీ నగర్ చౌరస్తాకు నడిచారు. సిటీ బస్సులు ఇంకా లేవు. తలపైన మెట్రో పట్టాలు ఖాళీగా ఉన్నాయి. కానీ జిల్లాల బస్సులు మే 19 నుంచే మొదలయ్యాయి. విజయవాడ రోడ్డు మీద బస్సు వచ్చింది. అక్క బోర్డు చదివింది. "చెల్లె, ఎక్కు" అంది.

తల్లి మంచంలోంచి చెయ్యి చాపింది. చెల్లె సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. మాస్కు తీయలేదు. తల్లి ఆ కళ్లను చూసే గుర్తుపట్టింది.

తల్లి సంక్రాంతి దాకా బతికింది. ఆ ఏడు నెలలూ చెల్లె దగ్గరే ఉంది.

తెలుసుకుందాం

* హైదరాబాద్ మెట్రో 2020 సెప్టెంబరు 7న మళ్లీ మొదలయింది. మియాపూర్ – ఎల్‌బీ నగర్ దారే ముందు తెరిచారు. సిటీ బస్సులు సెప్టెంబరు 25న మొదలయ్యాయి.
* కరోనా టీకాలు మన దేశంలో 2021 జనవరి 16 నుంచి వేశారు. అందులో కోవాగ్జిన్ టీకా హైదరాబాద్‌లోనే తయారయింది.
* విదేశీ విమానాలు మామూలుగా నడవడం 2022 మార్చి 27న మొదలయింది.
* కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న చెప్పింది.
* అకామా అంటే గల్ఫ్ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి. దాని గడువు దాటితే జరిమానా పడుతుంది. 2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం అకామా లేనివాళ్లు జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చని క్షమాభిక్ష ప్రకటించింది.

గుర్తు పెట్టుకుందాం

1. మీ ఇంట్లో ఎవరైనా విదేశంలో ఉంటే వారి పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఉంచండి. అకామా గడువు తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టండి.
2. "ఈ రోజే కట్టండి" అని తొందరపెట్టే కాగితాన్ని రెండుసార్లు చదవండి. ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూడండి.
3. అర్థం కాకపోతే ఇంకొకరికి చూపించండి. అడగడం సిగ్గు కాదు. అడగకుండా డబ్బు కడితే నష్టం.
4. రోగిని దూరంగా ఉంచండి. మనిషిని వెలివేయకండి. రెండూ ఒకటి కాదు.

మాట్లాడుకుందాం

1. కాగితం చదివాక అక్కకు ఎందుకు అనుమానం వచ్చింది?
2. పన్నెండో రోజున అక్క చెల్లెను ఆపింది. మీరైతే ఏం చేసేవారు?
3. ఇంటి యజమాని భయం సరైనదేనా? అక్క అతన్ని ఎలా ఒప్పించింది?
4. లాక్‌డౌన్‌లో మీ ఇల్లు ఎలా గడిచింది? ఒకరికొకరు చెప్పుకోండి.

లెక్క చేద్దాం

1. ఒక దినార్ 245 రూపాయలైతే, 90 దినార్లు ఎన్ని రూపాయలు?
2. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 8 గంటలైతే ఇక్కడ ఎన్ని గంటలు?

రాద్దాం

దూరాన ఉన్న మీవాళ్లకు అయిదు వాక్యాల ఉత్తరం రాయండి. ఇంటి క్షేమం రాయండి. వాళ్ల అకామా గడువు ఎప్పుడో అడగండి. కింద మీ పేరు మీరే రాయండి.