ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది, అయినా మా కెమెరా బయటకు కనిపించింది: ఇంటి రౌటర్‌లో ఈ సెట్టింగ్స్ ఒకసారి చూసుకోండి

సెట్టింగ్స్‌లోకి వెళ్లే ముందు పోయిన నెల మా ఇంట్లో జరిగింది చెప్తాను.

నెట్ స్లోగా ఉందని కొత్త వైఫై 6 రౌటర్ కొన్నాను. ప్రొవైడర్ ఇచ్చిన ఫైబర్ బాక్స్ నుంచి కేబుల్ తీసి దీని వాన్ పోర్ట్‌లో పెట్టాను, ఫైర్‌వాల్ ఆన్ చేశాను, గట్టి పాస్‌వర్డ్ పెట్టాను. ఇక సేఫ్ అనుకున్నా. తర్వాత ఒకరోజు ఊరికే ఆ ఫైబర్ బాక్స్ సెట్టింగ్స్ తిరగేస్తుంటే యూపీఎన్‌పీ లిస్ట్‌లో ఒక లైన్ కనిపించింది. బయటి పోర్ట్ 8080, లోపల మా హాల్ కెమెరా. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మా పబ్లిక్ ఐపీ కొట్టి చివర 8080 పెట్టి చూశాను. కెమెరా లాగిన్ పేజీ వచ్చింది. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. హాల్లో మా నానమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

ఆ కెమెరా పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. పెట్టింది నేనే.

ఫైర్‌వాల్ ఆన్‌లో ఉండగా ఇలా ఎలా జరిగిందంటే, రౌటర్ ఫైర్‌వాల్ పని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పని లాంటిది. లోపలి నుంచి మీ ఫోన్ ఏదైనా సైట్‌ని అడిగితే ఆ కనెక్షన్‌ని రాసి పెట్టుకుంటుంది, దానికి వచ్చే జవాబును లోపలికి పంపిస్తుంది. ఎవరూ పిలవకుండా బయటి నుంచి వచ్చేదాన్ని ఆపేస్తుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే లోపల ఉన్న ఏ డివైస్ అయినా "నా కోసం ఈ పోర్ట్ తెరువు" అని అడగొచ్చు, రౌటర్ పాస్‌వర్డ్ కూడా అడక్కుండా తెరిచేస్తుంది. మా కెమెరా చేసింది అదే. రెండోది పూర్తిగా నా పొరపాటు. ఫైర్‌వాల్ తన వెనకాల ఉన్నవాటినే కాపాడుతుంది. కెమెరా ఇంకా పాత ఫైబర్ బాక్స్ వైఫైకే కనెక్ట్ అయి ఉంది. అంటే నేను డబ్బు పెట్టి కొన్న రౌటర్‌కి అది బయటి మనిషే!

అందుకే ముందు మీ ఇంట్లో బయటి గేటు ఏదో తేల్చుకోండి. రెండు బాక్సులు ఉంటే, ప్రొవైడర్‌ని అడిగి ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించడం నాకు నచ్చిన పద్ధతి. అప్పుడు మీ రౌటరే గేటు. వాళ్లు ఒప్పుకోకపోతే ఫైబర్ బాక్స్ వైఫై ఆఫ్ చేసి, అన్నీ మీ రౌటర్‌కే కనెక్ట్ చేయండి. మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో వాడుతుంటే మాత్రం దాని ఫైర్‌వాల్ పని చేయదు, కింద చెప్పేవన్నీ ఫైబర్ బాక్స్‌లోనే మార్చాలి.

బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొడితే లాగిన్ పేజీ వస్తుంది. రాకపోతే అడ్రస్ రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ 60కి పైగా డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతోనే లక్షల కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటితోనే డిన్ అనే కంపెనీ సర్వర్ల మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి ఓపెన్ కాలేదు.

పాస్‌వర్డ్ మార్చాక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్ చేయండి. డబ్ల్యూపీఎస్ కూడా ఆఫ్. దాని పిన్ 8 అంకెలే అయినా రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా చెక్ చేస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. ఆ తర్వాత యూపీఎన్‌పీ ఆపేయండి. గేమింగ్ కన్సోల్ ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ మ్యాచ్‌లలో ఇబ్బంది రావచ్చు, అప్పుడు ఆ ఒక్క పోర్ట్‌ని మీరే ఫార్వర్డ్ చేసుకోండి. మా ఇంట్లో వాట్సాప్ కాల్స్‌కి, ఫోన్ గేమ్స్‌కి ఏ తేడా రాలేదు.

"మాకు పబ్లిక్ ఐపీ లేదు కదా" అని కొందరు అంటారు. నిజమే. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు, మాలాగా నేరుగా దొరకరు. మేం అన్నయ్య ఆఫీస్ పని కోసం స్టాటిక్ ఐపీ తీసుకున్నాం, అందుకే దొరికాం. కానీ ఐపీవీ6 సంగతి వేరు. అందులో ప్రతి డివైస్‌కీ బయటి ప్రపంచానికి తెలిసే సొంత అడ్రస్ వస్తుంది, మధ్యలో నాట్ అడ్డం ఉండదు. ఉన్న అడ్డం ఫైర్‌వాల్ ఒక్కటే. కాబట్టి ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూడండి, కొన్ని రౌటర్లలో అది వేరే పేజీలో ఉంటుంది.

చివరగా గెస్ట్ నెట్‌వర్క్. కెమెరాలు, స్మార్ట్ బల్బులు, ప్లగ్‌లు అన్నీ అందులో వేసి, లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్ ఆఫ్ చేశాను. వాటిలో ఏదైనా చెడిపోయినా నా ల్యాప్‌టాప్ దాకా రాలేదు. బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పని చేస్తాయి, గెస్ట్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉంచండి. టీవీని కూడా అందులో వేశాను కానీ ఫోన్ నుంచి కాస్టింగ్ ఆగిపోయింది, నాన్న ఒక్క రోజు కూడా ఊరుకోలేదు. మళ్లీ మెయిన్ నెట్‌వర్క్‌లోకి మార్చాను.

అన్నీ అయ్యాక మొబైల్ డేటా మీద మళ్లీ అదే అడ్రస్ కొట్టాను. పేజీ తిరిగి తిరిగి టైమ్ అవుట్ అయింది. హాల్ కెమెరాని తీసి గేటు దగ్గర పెట్టాం. నానమ్మకు ఎందుకు తీశామో నేను ఇంకా చెప్పలేదు.