ముందు పళ్లేలు, తర్వాత ప్రతిజ్ఞలు

బిడ్డా,



నీ ఉత్తరం అందింది. నాగపూర్ ఎండకు దగ్గు పట్టుకుందని రాశావు. ఫ్రిజ్ నీళ్లు మానేయి. మీ అమ్మకు ఈ సంగతి చెప్పలేదులే.

శిబిరం బాగా జరిగిందన్నావు. పిల్లలు త్రిశరణం, పంచశీలం పాళీలో తప్పు లేకుండా చెప్పారు, 22 ప్రతిజ్ఞలు కంఠతా వచ్చినవాళ్లకు బహుమతులిచ్చారు. సంతోషం. కానీ చివర్లో ఒక ముక్క రాశావు: అన్నాలయ్యాక ఆడపిల్లలు పళ్లేలు కడిగారు, మగపిల్లలు క్రికెట్‌కు పోయారు అని. అది రాసి, ఇంకో సంగతిలోకి వెళ్లిపోయావు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ 22లో తొమ్మిదోది మనుషులంతా సమానమని నమ్ముతాననేది. పదోది ఆ సమానత్వం కోసం పాటుపడతాననేది. రెండూ గడగడా చెప్పి బహుమతి అందుకున్న పిల్లవాడు ఎంగిలి పళ్లెం అక్కడే వదిలేసి పోతే వాడికి మనం ఏం నేర్పినట్టు? 1956 అక్టోబర్ 14న దీక్షాభూమిలో బాబాసాహెబ్ అంబేద్కర్ తాను బౌద్ధ దీక్ష తీసుకున్నాక, లక్షల మంది చేత స్వయంగా చేయించిన ప్రతిజ్ఞలవి. ఆ తర్వాత రెండు నెలలు కూడా బతకలేదాయన. నేర్పే పని మనకు మిగిలింది.

నీ వయసులో నేను శ్రామణేర శిబిరానికి వెళ్లాను. పెన్‌గంగ వంతెన దాటేదాకా మీ తాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు; కొడుకు గుండు కొట్టించుకుంటాడని ఆయన బెంగ. పది రోజులు కాషాయం, మధ్యాహ్నం దాటితే ముద్ద లేదు. రాత్రిళ్లు పక్క బస్తీలో జొన్నరొట్టె కాలుతున్న వాసనకు కడుపు మెలిపెట్టేది. అక్కడ విన్న ప్రవచనాలు చాలావరకు మరిచిపోయాను. ఇంట్లో తాగిన గ్లాసు కూడా తీయని గుమాస్తా కొడుకొకడు మా అందరి గిన్నెలూ తోమింది మాత్రం మరువలేదు. శిబిరం నడిపిన భంతేజీ అందరికీ వంతులు వేశారు, తానూ తోమారు.

పిల్లలకు ఉపాలి కథ చెప్పు. శాక్య రాజకుమారులు తమ మంగలి ఉపాలికి తమకంటే ముందు దీక్ష ఇమ్మని బుద్ధుణ్ని అడిగారు. సంఘంలో అతను తమకంటే పెద్దవాడైతే అతనికి మొక్కాలి, తమ గర్వం దిగాలి అని. విరేచనాలతో తన మలంలోనే పడివున్న భిక్షువు కథ కూడా చెప్పు. మిగతా భిక్షువులు పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుడి చేత నీళ్లు తెప్పించి, అతనితో కలిసి ఆ భిక్షువును కడిగాడు. కథ అయ్యాక పిల్లలను అలాగే గిన్నెల దగ్గరికి తీసుకెళ్లు.

మగపిల్లల తల్లులు అభ్యంతరం చెబుతారు. చెప్పనీ. నీకు కోపం త్వరగా వస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే, అయినా ఆ తల్లుల మీద గొంతు పెంచకు బిడ్డా. వాళ్లకు కొడుకును అలా పెంచడమే ప్రేమగా అలవాటైంది. వాళ్లను కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడు.

బహుమతులు ఆపమనను. కంఠతా పట్టినవాడికి ఇచ్చే పుస్తకం, వంతు తప్పకుండా తోమినవాడికీ ఇవ్వు.

వచ్చే శిబిరం తేదీలు రాయి, నేను వస్తాను. వంతుల కాగితంలో నా పేరు కూడా వేయి. దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో, డబ్బు పంపుతున్నాను.

నీ పెద్దబాపు