పాస్తాకు ఇంటి టమాటా సాసు

అంగడిలో సీసాలకెత్తి అమ్ము పాస్తా సాసు వెల హెచ్చు; పలురకములలో ఉప్పు, చక్కెర కూడ ఎక్కువే. సీసాపై చీటిని చదివినచో ఈ సంగతి తెలియును. ఐదుగురికి చాలు సాసును కొద్ది ఖర్చుతో ఇంటనే వండుకొనవచ్చును.

టమాటాలు చవుకగా దొరకు దినములలో బాగుగా పండినవి 1 కిలో తీసికొనవలెను. మెత్తబడినవి పనికివచ్చును గాని, బూజు పట్టినవి పారవేయవలెను. 2 పెద్ద చెంచాల నూనెలో 2 ఉల్లిపాయలు, 1 క్యారెట్టు తురుము, 4 వెల్లుల్లి రెబ్బలు వేయించి, టమాటా ముక్కలు, కొద్దిగా ఉప్పు చేర్చి, సన్నని సెగపై 30 నిమిషములు ఉడికింపవలెను. క్యారెట్టు తీపి పులుపును అణచును గనుక చక్కెరతో పనిలేదు. నూనెను బొత్తిగా మానరాదు. టమాటాకు ఎరుపునిచ్చు లైకోపీను కొవ్వుతో కూడినపుడే దేహమునకు బాగుగా పట్టును. గుప్పెడు కందిపప్పు ఉడికించి మెదిపి కలిపినచో సాసు చిక్కబడును, మాంసకృత్తులును చేరును. ఇది వింత కాదు. పాస్తా పుట్టినిల్లయిన ఇటలీలోను దానిని పప్పుదినుసులతో వండు అలవాటు కలదు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు ఈ వంటకు తగవు.

పైన నూనె తేలినచో ఆవకాయవలె ఇదియు నిలువయుండునని కొందరు తలంతురు. ఆవకాయను కాపాడునది అందలి ఉప్పు, పులుపు. పప్పు, వెల్లుల్లి చేరిన సాసునకు ఆ బలము లేదు. మూత బిగించి బయట ఉంచినచో ప్రాణాంతకమగు బొట్యులిజము కలిగించు విషము అందు పుట్టవచ్చును; వాసనలో ఏ మార్పును కానరాకపోవచ్చును. ఫ్రిజ్జు గలవారు వండిన 2 గంటలలోపల అందుంచి 3 దినములలో వాడుకొనవలెను. లేనివారు పూటకు సరిపడునంతే వండుకొనవలెను.