పార్కిన్సన్స్: ఆ కణాలే ఎందుకు రాలిపోతాయి?

పరీక్షలో పార్కిన్సన్స్ అనగానే ‘డోపమైన్ లోపం’ అని రాసేసి ఊరుకోవద్దు. ఆ డోపమైన్‌ను తయారుచేసే కణాలే ఎందుకు చనిపోతాయన్నది అసలు ప్రశ్న.

1817లో జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన ఈ వ్యాధిలో మధ్య మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా నాడీకణాలు నశిస్తాయి. మిగిలిన కణాల్లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దకట్టి ‘లెవీ బాడీలు’గా కనిపిస్తుంది. ఈ ప్రోటీన్‌లో 140 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీని జన్యువు ఎస్‌ఎన్‌సీఏ 4వ క్రోమోజోమ్‌పై ఉంటుంది. 53వ స్థానంలో అలనిన్‌కు బదులు థ్రియోనిన్ చేరితే (ఏ53టీ) ఈ ప్రోటీన్ త్వరగా పోగులు కడుతుంది. ఇటలీ, గ్రీసు మూలాలున్న కుటుంబాల్లో దీన్ని 1997లో గుర్తించారు. విచిత్రమేమిటంటే, ప్రోటీన్‌లో ఏ మార్పూ లేకున్నా, జన్యువు ప్రతులు పెరిగి అది మోతాదు మించినా వ్యాధి వస్తుంది. 2003లో అమెరికాలోని అయోవాకు చెందిన ఒక కుటుంబంలో ఇది తేలింది.

ఇక సబ్‌స్టాన్షియా నైగ్రా కణాలకు పుట్టుకతోనే పనిభారం ఎక్కువ. ఆగకుండా సంకేతాలు పంపాలి, కాల్షియంను బయటికి తోడాలి, లెక్కకు మిక్కిలి కొమ్మలున్న ఆక్సాన్‌ను పోషించాలి. మైటోకాండ్రియా అలసిపోతుంది. పాడైన మైటోకాండ్రియాను ఏరివేసే పింక్1, పార్కిన్ ప్రోటీన్లు ఉత్పరివర్తనాలతో దెబ్బతింటే కణం తట్టుకోలేదు. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 జన్యువులో జీ2019ఎస్ మార్పు దారి వేరు: అక్కడ ఆ జన్యువు ఇచ్చే ఎంజైమ్ పని తగ్గదు, పెరుగుతుంది. బహుళైచ్ఛిక ప్రశ్నకు అనువైన చోటు ఇదే.

అయితే ఎక్కువమంది రోగుల్లో ఒకే జన్యువును కారణంగా చూపలేం.