జైలుకు పంపకపోతే నేరాలు పెరగవా?

ప్రశ్న: చిల్లర దొంగతనాలు చేసినవాళ్లను అమెరికాలో జైలుకు కాకుండా కౌన్సెలింగ్‌కు పంపే కోర్టులున్నాయట. అలా వదిలేస్తే భయం పోదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వదిలేయరండీ. ఈ కమ్యూనిటీ కోర్టులు 1993లో న్యూయార్క్‌లోని మిడ్‌టౌన్‌లో మొదలయ్యాయి. 2000లో బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్‌లో, మూతపడ్డ ఓ బడి భవనంలో మరొకటి తెరిచారు. అక్కడ క్రిమినల్, కుటుంబ, ఇంటి అద్దె తగాదాలన్నీ ఒకే జడ్జి వింటారు.

షాపులో సరుకు కొట్టేసి ఒకడు దొరికాడనుకోండి. మత్తు అలవాటుందా, పని ఉందా, తలదాచుకోను ఇల్లుందా అని ముందు ఆరా తీస్తారు. మత్తే మూలమైతే జడ్జి చికిత్సకు పంపుతారు, వీధులు శుభ్రం చేసే పనీ అప్పగించవచ్చు. చెప్పిన తేదీకి హాజరై ఎంతవరకు మారాడో చూపించుకోవాలి. ఎగ్గొడితే జైలు ఉండనే ఉంది.

ఫలితమంటారా? మామూలు కోర్టుకు వెళ్లినవాళ్లతో పోలిస్తే, రెడ్ హుక్‌కు వచ్చిన పెద్దవాళ్లు మళ్లీ నేరం చేయడం 10 శాతం, మైనర్లు 20 శాతం తక్కువని 2013 నాటి అధ్యయనం తేల్చింది.

మన భారతీయ న్యాయ సంహితలోనూ 2024 జులై నుంచి సమాజ సేవ ఒక శిక్షే. రూ.5,000 లోపు తొలి దొంగతనానికి, సొత్తు తిరిగిస్తే, అదే వేస్తారు. అయితే, దొంగతనానికి దారితీసిన కారణాన్ని వెతికి సరిచేసే ఏర్పాటు కూడా తోడైతేనే పూర్తి ప్రయోజనం.